గిటారు అటక మీద, పెట్టె చెత్తలో

2024 మే నెలలో ఒక పాత గిటారు వేలం వార్త చదివాను. 1965లో ఇంగ్లండు పాటల బృందం బీటిల్స్ రికార్డింగుల్లో, ఆ బృందంలోని జాన్ లెనన్ వాయించిన పన్నెండు తీగల ఫ్రామస్ గిటారు అది. ఇంగ్లండులో ఎవరింట్లోనో అటక మీద దశాబ్దాల పాటు పడుంది. వేలంలో 28 లక్షల డాలర్లు దాటింది. ఆ అంకెకు నేనేమీ ఆశ్చర్యపోలేదు. లెనన్ తల దువ్వుకున్న దువ్వెన పెట్టినా ఎగబడి కొంటారు. నన్ను ఆపేసింది వార్తలోని వేరే ముక్క. గిటారు అటక మీద దొరికింది గానీ దాని పెట్టె దొరికింది చెత్తలోనట. వేలం సంస్థ వాళ్లు ఆ ఇంటికి వెళ్లినప్పుడు, పారేసిన సామాన్లలో పెట్టె కనిపిస్తే బయటికి లాగారు. ఆస్ట్రేలియాలో తయారైన మేటన్ పెట్టె. 1965 నాటి బీటిల్స్ ఫొటోల్లోనూ అది కనిపిస్తుంది.

ఇంగ్లండైనా మా విశాఖలో ఇసుకతోటైనా తంతు ఒకటే అన్నమాట, అనుకున్నాను. ఎందుకంటే అంతకు పదేళ్ల ముందు నేను చేసిందీ అచ్చంగా అదే.

1996లో యూనివర్సిటీ హాస్టల్ ఖాళీ చేసి వెళ్తూ ఒక సీనియర్ తన గిటారు నాకు 600 రూపాయలకు ఇచ్చాడు. అప్పటికే పాతది. లోపల అంటించిన కాగితాన్ని పురుగులు తినేయగా కంపెనీ పేరు పోయి ‘కలకత్తా’ అన్న మాట ఒక్కటి మిగిలింది. కోరమాండల్ రైల్లో కలకత్తా వెళ్లొచ్చినవాళ్లు గిటారు పట్టుకుని దిగడం ఆ రోజుల్లో వింతేమీ కాదు. గివ్‌సన్, హాబ్నర్ లాంటి పేర్లు మనకు అలాగే అలవాటయ్యాయి. ఆ పేర్లు వినగానే అమెరికా కంపెనీ గిబ్సన్, జర్మనీ కంపెనీ హాఫ్నర్ గుర్తొస్తే తప్పు మీది కాదు. నా గిటారుతో పాటు పెట్టె కూడా వచ్చింది. ప్లైవుడ్ మీద నల్ల రెక్సిన్, లోపల ఎర్రటి మఖమల్ గుడ్డ, పక్కన మూడు క్లిప్పులు. ఒక క్లిప్పు ఎప్పుడో ఊడిపోతే దాని బదులు హోల్డాల్ బెల్టు ఒకటి చుట్టి ఉండేది.

హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, ఆదివారం. అప్పుడు మేం పెదవాల్తేరులో అద్దెకుండేవాళ్లం. కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా మంచాల మీదికి కొట్టింది. గోడకు మేకు మీద వేలాడుతున్న గిటారుకు ఏమీ కాలేదు. మంచం కిందున్న పెట్టె మాత్రం నానిపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఆరబెట్టడానికి చోటు లేదు. ప్లైవుడ్ పొరలు పొరలుగా విచ్చుకుంది. రెక్సిన్ ఊడింది. తడిసిన కుక్క వాసన. విసుగెత్తి, వీధి చివర కూలిన చెట్ల గుట్ట మీద పడేసి వచ్చాను. లారీ వచ్చి కొమ్మలతో పాటు దాన్నీ ఎత్తుకుపోయింది.

రెండు రోజులు పోయాక గుర్తొచ్చింది. ఆ పెట్టెలో, గిటారు మెడ ఆనే చోట, చిన్న మూత ఉన్న అర ఒకటి ఉండేది. పైపైన స్ట్రింగ్స్ కవర్లు, సీనియర్ పాటల కార్డ్స్, అంటే కలిపి మీటే స్వరాల గుత్తులు, తెలుగు అక్షరాల్లో రాసుకున్న కాగితాలు ఉండేవి. వాటి కింద ఏముందో పద్దెనిమిదేళ్లలో ఒక్కసారైనా తీసి చూసిన పాపాన పోలేదు.

గిటారు పోయి పెట్టె మిగిలినా బాగుండేది అని ఒకసారి ఇంట్లో అన్నాను. "పెట్టె వాయిస్తావా?" అంది మా ఆవిడ. అప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచింది రాస్తున్నాను.

శబ్దం సంగతి ముందు తేల్చుకుందాం

పాత చవక గిటారు మంచి గిటారు కాదు. వాటి మీద మోజున్నవాళ్లం ముందు ఈ మాట ఒప్పుకుంటే మిగతాది మాట్లాడుకోవచ్చు. ఇప్పుడు ఏడెనిమిది వేలకు దొరికే కొత్త గిటారు, వాయించే పనికైతే, నా కలకత్తా గిటారు కంటే అన్ని విధాలా మేలు.

నా గిటారు పై చెక్క ప్లైవుడ్. దాని అడుగున ఆనించిన పుల్లలు నిచ్చెన మెట్లలా అడ్డంగా ఉంటాయి. మంచి గిటార్లలో ఇవి ఎక్స్ అక్షరంలా ఏటవాలుగా దాటుకుంటాయి. అమెరికాలో మార్టిన్ కంపెనీ 1840ల నుంచీ చేస్తున్న పద్ధతి అది. ఎక్స్ పుల్లలు తీగల బరువు మోస్తూనే చెక్కను కాస్త ఊగనిస్తాయి. నిచ్చెన పుల్లలు పెట్టడం తేలిక, ఖర్చు తక్కువ, కానీ చెక్క బిగుసుకుపోతుంది. పైగా నా గిటారులో తీగలు బ్రిడ్జి దగ్గర, అంటే వాటిని కింద ఎత్తి పట్టే చెక్క దగ్గర, ఆగవు. దాని మీదుగా వెళ్లి కింది అంచున ఇనుప టెయిల్‌పీస్‌కు తగులుకుంటాయి. ఇవన్నీ కలిసి శబ్దం పొడిగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. మీటీ మీటగానే ఆగిపోతుంది. నలుగురు పాడుతుంటే పక్కన తాళం వేసినట్టు వాయించడానికి పనికొస్తుంది. ఒంటరిగా కూర్చుని ఒక్కో స్వరం పలికిద్దామంటే కుదరదు.

ఇక మెడ. సవరించుకోవడానికి లోపల ఇనుప కడ్డీ లేదు. ఆరు స్టీలు తీగలు శ్రుతి చేస్తే అవన్నీ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతాయి. ఏళ్ల తరబడి అలా లాగుతుంటే మెడ ముందుకు వంగక ఏం చేస్తుంది? మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లను ఫ్రెట్లంటారు; పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే వేళ్లకు సుఖం. నాది స్కేలు పెట్టి కొలిస్తే ఐదు దాటింది. ఎఫ్ కార్డ్ పట్టడమంటే కుస్తీ పట్టడమే.

ఆ కొలత ఎందుకు తీయాల్సి వచ్చిందంటే, మా అపార్ట్‌మెంట్లో తొమ్మిదో తరగతి చదివే ఒక పాప గిటారు నేర్చుకుంటానంది. నేను పెద్ద దాతలా నాది ఇచ్చాను. పాత చెక్క, దీని సౌండే వేరు, అని నాలుగు మాటలు కూడా చెప్పాను. మూడు వారాలకు తిరిగి తెచ్చింది. "నాకు మ్యూజిక్ రాదంకుల్" అంటూ వేళ్లు చూపించింది. కొసలు కందిపోయి ఉన్నాయి. తర్వాత వాళ్ల నాన్న ఎనిమిది వేలు పెట్టి కొత్తది కొన్నాడు. ఆ ఏడే స్కూల్లో ఆగస్టు పదిహేనుకి స్టేజీ ఎక్కింది. నా మూర్ఖత్వానికి ఒక పిల్ల తనకు సంగీతం రాదనుకుని ఆగిపోయేది. అప్పటి నుంచి నేర్చుకునేవాళ్లకు పాత గిటారు ఊసే ఎత్తను.

వయసు పెరిగే కొద్దీ చెక్క విచ్చుకుని సౌండ్ బాగుపడుతుందని ఒక వాదన ఉంది. మంచి గిటార్లకు వాడే అసలైన స్ప్రూస్ చెక్క గురించి ఆ మాటంటే కూర్చుని వింటాను. పొరకూ పొరకూ మధ్య జిగురు పూసిన ప్లైవుడ్ గురించి అంటే నవ్వొస్తుంది. అయితే ఇక్కడ నా వాదనకూ ఒక చిల్లు ఉంది. 1966లో యమహా తెచ్చిన ఎఫ్‌జీ-180 కూడా ప్లైవుడ్డే, చవకదే. ఇవాళ దాని కోసం వెతికేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అదే వరసలోని ఎఫ్‌జీ-150 పట్టుకునే 1969లో అమెరికా గాయకుడు కంట్రీ జో మెక్‌డొనాల్డ్ వుడ్‌స్టాక్ సంగీతోత్సవం స్టేజీ మీద నిలబడ్డాడు. ఇంకా వెనక్కి వెళ్తే అమెరికా జానపద, బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ. ఆయన వాయించిన పన్నెండు తీగల స్టెల్లా, గొప్పింటి గిటారేమీ కాదు. ఆ రికార్డింగులు వింటే గుడి గంటలు మోగినట్టుంటుంది. స్టెల్లా గొప్పదా, లెడ్ బెల్లీ చెయ్యి గొప్పదా అంటే నా ఓటు చేతికే. కానీ నూటికి నూరుపాళ్లు చేతిదే అని ప్రమాణం చేయమంటే వెనకాడతాను.

ప్లైవుడ్‌కు ఒక్క సుగుణం మాత్రం నిజంగా ఉంది. చీలదు. లెనన్ మొదటి గిటారు దక్షిణాఫ్రికాలో తయారైన గాలోటోన్ అనే చవక గిటారు. చీలదని హామీ ఇస్తూ లోపల కాగితమే అంటించారు. 1957 జూలైలో, తర్వాత బీటిల్స్‌లో తోడైన పాల్ మెకార్ట్నీని మొదటిసారి కలిసిన రోజున, లెనన్ వాయించింది దాన్నే. మన విశాఖలో ఆ హామీ విలువ తెలుస్తుంది. గిటార్లకు గాలిలో తేమ నలభై అయిదు, యాభై శాతం ఉంటే మంచిదంటారు. ఇక్కడ డెబ్భై దాటిన రోజులే ఎక్కువ. కొత్త తీగలు నెల తిరక్కుండా తుప్పు రంగుకొస్తాయి. ఇలాంటి ఊళ్లో ముప్పై నలభై ఏళ్లు బతికి, తుఫాను కూడా చూసి, పగులు లేకుండా నిలిచిందంటే ఆ ఘనత ప్లైవుడ్‌దే. మంచి చెక్క అయ్యుంటే ఎప్పుడో పోయేది.

చెక్క మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. మార్టిన్ కంపెనీ 1969లో బ్రెజిల్ రోజ్‌వుడ్ నుంచి భారతదేశపు రోజ్‌వుడ్‌కు మారింది. అది మరేదో కాదు, మన తూర్పు కనుమల్లోనూ పెరిగే ఇరుగుడు చెట్టే. ఇరుగుడు అమెరికా వెళ్లింది, మన పిల్లలు ప్లైవుడ్ మీద నేర్చుకున్నారు. ఫిర్యాదు కాదు, ఊరికే గుర్తొచ్చింది.

చవక గిటారుకు పెట్టె ఎవరు కొంటారు?

శబ్దంలో లేకపోతే మరి ఆకర్షణ ఎక్కడుంది? నా మటుకు అది పెట్టెలో ఉంది.

అమెరికా ఉదాహరణే తీసుకుందాం, అక్కడ లెక్కలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి. షికాగోలోని హార్మనీ కంపెనీ చవక గిటార్లకు పెద్ద పేరు. సియర్స్ అనే పోస్టు వ్యాపార సంస్థ 1916లో దాన్ని కొని, 1940 దాకా నడిపింది. ఆ తర్వాత కూడా హార్మనీ గిటార్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. 1975లో ఫ్యాక్టరీ మూతపడింది. పల్లెటూళ్లలో రైతులు, కూలీలు క్యాటలాగు చూసి, డబ్బు పంపి, గిటారు తెప్పించుకునేవారు. ఆ క్యాటలాగుల్లో మామూలుగా గిటారు ధర వేరు, పెట్టె ధర వేరు. ఆ పెట్టె కూడా ఏమంత గొప్పది కాదు. కాగితం గుజ్జును అదిమి చేసిన గట్టి అట్ట, పైన మొసలి చర్మంలా కనబడే అచ్చు. వానలో తడిస్తే అప్పడమే.

ఇప్పుడు ఆలోచించండి. లక్ష రూపాయల గిటారు కొన్నవాడు పెట్టె కొనడంలో విశేషమేముంది? చాలాసార్లు పెట్టె దానితోనే వస్తుంది. జేబులో ఉన్నదంతా ఊడ్చి చవక గిటారు కొన్నవాడు, ఆ పైన ఇంకొంత అప్పో సప్పో చేసి పెట్టె కూడా కొన్నాడంటే, ఆ వస్తువు వాడి దృష్టిలో చవకది కాదన్నమాట. గిటారు మీద ధర చీటీ కంపెనీ వేసింది. పెట్టె మీద ధర వాడు వేశాడు. పాత చవక గిటార్లు చాలానే మిగిలాయి, వాటి సొంత పెట్టెలు మిగిలింది తక్కువ. అందుకే పెట్టెతో సహా ఒకటి కనబడితే నా చూపు ముందు పెట్టె మీదికి పోతుంది.

(పెట్టెల మీద మోజు ముదిరిన వాళ్లు ఒకటి చూడాలి. 1960ల మొదట్లో సియర్స్ వాళ్లే సిల్వర్‌టోన్ పేరుతో ఎలక్ట్రిక్ గిటారు ఒకటి అమ్మారు. దాని పెట్టెలోనే యాంప్లిఫయర్, స్పీకర్ బిగించి ఉంటాయి. పెట్టె తెరిచి నిలబెట్టి, వైరు గుచ్చి వాయించుకోవడమే. "పెట్టె వాయిస్తావా?" అన్న మా ఆవిడకు ఇది చూపించాను. అదీ ఒక వాయిద్యమే అని ఒప్పుకుంది గానీ నాది అలాంటిది కాదని గుర్తుచేసింది.)

ఈ వాదన నా మిత్రుడొకడికి చెప్తే ఒక్క దెబ్బతో పడగొట్టాడు. "మీ సీనియర్ గిటారుకు పెట్టె ప్రేమతో కొన్లేదురా. హౌరా నుంచి ఇక్కడికి దాదాపు తొమ్మిది వందల కిలోమీటర్లు, జనరల్ బోగీలో. పెట్టె లేకపోతే ఎవడో దాని మీద కూర్చునేవాడు." నిజమే కావచ్చు. రైలు కోసమే కొన్నా, దిగాక పారేయకుండా హాస్టల్ మంచం కింద అన్నేళ్లు ఉంచడం మాత్రం రైలు కోసం కాదు. అలా సర్దిచెప్పుకున్నాను. వాడు ఒప్పుకోలేదు.

బొమ్మల కొలువు

ఆ మిత్రుడి ఇంట్లోనే ఇంకో సంగతి జరిగింది. దొండపర్తిలో వాళ్ల నాన్నగారి రైల్వే క్వార్టర్స్. వాళ్ల అన్నయ్య గిటారు ఒకటి, పెట్టెతో సహా, ఉండేది. అన్నయ్య ఉద్యోగానికి వెళ్లిపోయాక వాళ్లమ్మగారు గిటారు తీసి గోడకు తగిలించి, పెట్టెలో సంక్రాంతి బొమ్మల కొలువు బొమ్మలు సర్దారు. దశావతారాలు, పెళ్లి ఊరేగింపు, కొండపల్లి అంబారీ ఏనుగు, అన్నీ పాత పంచె ముక్కల్లో చుట్టి. సరిగ్గా సరిపోయాయట. మఖమల్ గుడ్డ, గాలి దూరని మూత, క్లిప్పులు. బొమ్మలకు అంతకంటే ఏం కావాలి?

గోడ మీది గిటారుకు చెదలు పట్టి పోయింది. పెట్టె ఇప్పటికీ ఉంది. ప్రతి జనవరిలో తెరుస్తారు. ఎవరైనా కొత్తవాళ్లు వస్తే "మా పెద్దాడి గిటారు పెట్టె" అని చెప్పి మరీ బొమ్మలు తీస్తారావిడ. గిటారు లేదని ఆవిడకు పట్టింపు లేదు. పెట్టెకు పని ఉండబట్టి మిగిలింది, గిటారుకు పని లేక పోయింది. నేను హుద్‌హుద్‌లో పారేసిన పెట్టెలోనూ ఏ పట్టుచీరలో, పాస్‌బుక్కులో ఉండి ఉంటే మంచం కింద వదిలేసేవాణ్నా?

వీణల సంగతి కూడా ఆలోచించాను. బొబ్బిలి మనకు దూరమేం కాదు. అక్కడ పనసకర్రతో చేసిన వీణలు ఉత్తరాంధ్ర ఇళ్లలో తరాల తరబడి ఉన్నాయి. వాటిని ఎవరూ ‘వింటేజ్’ అనరు. "మా మామ్మగారి వీణ" అంటారు, అంతే. మైనం పాతబడి మెట్లు కదిలితే మళ్లీ మేళం కట్టిస్తారు. అది వీణకు మామూలుగా చేయించే పనే, దాన్ని ఎవరూ దండగ ఖర్చు అనుకోరు. వీణకు గలీబు కుట్టించి, చిరిగితే మళ్లీ కుట్టించేవారు. అదే గిటారు మెడ వంగిందంటే "ఇంకెందుకు, పడేయ్" అంటాం. ఒకటి మనదనీ ఒకటి పరాయిదనీ అలా అనం. ఒకదాన్ని బాగుచేసే మనిషి ఎక్కడుంటాడో తెలుసు, రెండోదానికి తెలీదు. తేడా అక్కడే ఉందనుకుంటాను.

నాకు మాత్రం ఒకాయన దొరికాడు. పూర్ణా మార్కెట్ దగ్గర సందులో హార్మోనియాలు, తబలాలు బాగుచేసే పెద్దాయన. పాప గిటారు తిరిగిచ్చేశాక తీసుకెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, దీనికి పెట్టే డబ్బులతో ఇంకోటి వచ్చేత్తాది గదా" అన్నాడు. అయినా చేశాడు. టెయిల్‌పీస్ ఉన్న గిటారులో బ్రిడ్జి చెక్కకు అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. దాన్ని తీసి అడుగు భాగం అరగదీసి మళ్లీ నిలబెట్టాడు. మూడున్నర మిల్లీమీటర్లకు దిగింది. 400 రూపాయలు తీసుకున్నాడు. పెట్టె పోయిందని నేను బాధపడుతుంటే ఆయన నవ్వాడు. "పోతే పోనీ బాబూ. మనూళ్లో పెట్టెలో ఎట్టి మూసేత్తే చెమ్మ పట్టి బూజొచ్చేత్తాది. గోడకున్నాది గాబట్టి బతికున్నాది."

ఆయన మాట కాదనలేను. పాత పెట్టెలో గుడ్డ, అట్ట, ప్లైవుడ్ అన్నీ తేమ పీల్చుకుంటాయి. మూత వేస్తే ఆ తేమంతా గిటారుకే. రక్షించడానికి కొన్న పెట్టే సముద్రపు ఊళ్లో గిటారుకు ఎసరు పెడుతుంది. కాబట్టి పాత పెట్టెను దాచమంటున్నానే గానీ గిటారును అందులో దాచమనడం లేదు. గిటారు గోడ మీదో, జిప్పు బ్యాగులోనో ఉండొచ్చు. పెట్టెను మాత్రం ఎండాకాలం తెరిచి ఎండలో పెట్టాలి, గిటారును ఎండ తగలకుండా చూడాలి. వేడికి జిగురు వదిలేస్తుంది.

సీతమ్మధారలో

పోయిన ఏడాది ఫోన్లో ఒక ప్రకటన కనబడింది. "వింటేజ్ కలకత్తా గిటార్ విత్ ఒరిజినల్ కేస్, 15,000". ఫొటోలో పెట్టె చూసి గుండె ఝల్లుమంది. నల్ల రెక్సిన్, ఎర్ర మఖమల్, మూడు క్లిప్పులు. మూడూ ఉన్నాయి.

సీతమ్మధారలో ఇల్లు. అమ్మేది పాతికేళ్ల కుర్రాడు. గిటారు వాళ్ల మేనమామదట. షిప్‌యార్డులో పనిచేసి రిటైరై కొడుకు దగ్గరికి బెంగుళూరు వెళ్లిపోయాడట. గిటారు చేతిలోకి తీసుకున్నాను. మెడ నాదానికంటే ఎక్కువ వంగింది, రెండు ట్యూనింగ్ మరలు తిరగడం లేదు. పదిహేను వేలకు ఇంకొంత కలిపితే పై చెక్క అసలు స్ప్రూస్ ఉన్న కొత్త గిటారొస్తుంది. ఆ మాటే అన్నాను.

"వింటేజ్ కదంకుల్."

"వింటేజ్ అంటే ఏంటి బాబూ?"

"పాతది." కాసేపు ఆలోచించి, "పెట్టె కూడా ఉంది కదా" అన్నాడు.

నేను సంగతి చెప్పేశాను. గిటారు వద్దు, పెట్టె ఒక్కటీ ఇస్తే 1,500 ఇస్తానన్నాను. నా వైపు జాలిగా చూశాడు. "పెట్టె ఇచ్చేస్తే ఇది ఉత్త పాత గిటారంకుల్. పెట్టె ఉంటేనే వింటేజ్." నేను ఇన్ని పేరాల్లో చెప్పడానికి తంటాలు పడుతున్నదాన్ని వాడు ఒక్క ముక్కలో, అదీ బేరంలో, చెప్పేశాడు. కాకపోతే నేను పెట్టె విలువ వేరే చోట వెతుకుతున్నాను, వాడు గిటారు ధరలో వెతుకుతున్నాడు. అర తెరిచి చూడనిస్తావా అని అడగాలనిపించింది. కొననివాణ్ని అడగడానికి మొహం చెల్లలేదు. వచ్చేశాను.

దారిలో నాకో అనుమానం వచ్చింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి పెట్టె మీద నాకెందుకింత ఆరాటం? నా సీనియర్ పెట్టె అయితే అర్థముంది. ఇది పోయినదానికి బదులు ఇంకోటి తెచ్చుకుని తప్పు దిద్దుకున్నాననిపించుకోవడం కాదా? ఇంకోటి కూడా. మనుషుల శ్రద్ధకు గుర్తు అంటూ పొగిడి పొగిడి, మేమే వీటి ధరలు పెంచుతున్నామేమో. 600 రూపాయలకు హాస్టల్ కుర్రాడికి దొరికిన వస్తువు ఇవాళ పదిహేను వేలు చెబుతోందంటే, చవకది అన్న గుణమే దానికి పోయింది. ఈ రెండు ప్రశ్నల్లో మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి చిన్న జవాబుంది. గిటారుకు నేను చెక్క ధర, మరమ్మతు ధర కలిపి ఇస్తాను, ‘వింటేజ్’ అన్న మాటకు పైసా ఇవ్వను.

రెండు నెలల తర్వాత ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. "అంకుల్, గిటారు అమ్మేశాను. బీచ్ రోడ్డులో కాఫీ షాపు వాళ్లు గోడకు తగిలించడానికి తీసుకున్నారు. వాళ్లకి పెట్టె వద్దట. మీకు కావాలా?"

గోడకు తగిలిస్తారని వినగానే కోపం రాబోయి ఆగిపోయింది. నా గిటారు ఇన్నాళ్లూ చేస్తున్న ఉద్యోగమూ అదే కదా. 1,500 పట్టుకుని వెళ్లాను. వాడు వెయ్యే తీసుకున్నాడు. "ఊరికే పోయేది అంకుల్, చెత్తబండికి వేద్దామనుకున్నా" అన్నాడు.

పెట్టె ఇంటికి తెచ్చి, దుమ్ము కూడా తుడవకుండా ముందు అర తెరిచాను. ఖాళీ స్ట్రింగ్ కవర్లు రెండు. ఒక అగ్గిపెట్టె. అందులో నల్లటి పిక్స్, అంటే తీగలు మీటే చిన్న బిళ్లలు, మూడు, పాత ఎక్స్‌రే ఫిల్ము నుంచి కత్తెరతో కత్తిరించినవి. వెలుతురుకు పెట్టి చూస్తే ఒకదానిలో తెల్లగా ఎముక కొస కనబడింది. వేలిదో, పక్కటెముకదో తెలియలేదు. ఒకటి తీసుకుని నా గిటారు మీద వాయించి చూశాను. బాగానే పలికింది.

తర్వాత గిటారును పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాను. మూత పడలేదు. నా గిటారు కింది భాగం కాస్త వెడల్పు. అటు తిప్పి ఇటు తిప్పి ఎంత సర్దినా వేలు దూరేంత సందు మిగిలింది. కొలత తీసుకెళ్లాలన్న ఆలోచనే రాలేదు నాకు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక వచ్చి, గిటారు తీసి గోడకు తగిలించి, పెట్టెలోకి వంగి మఖమల్ గుడ్డ మీద జానతో పొడుగు కొలిచింది.

"అటక మీది బొమ్మలు దింపు" అంది.